ఓడలో పిల్లి ఉన్నదా అని అడిగారు

పేరు అంపేలియో రజేతో. ఊరు కమోలీ.
వయసు ముప్పై నాలుగో, ముప్పై ఆరో.
ఆ లెక్క మా అమ్మ దగ్గరే ఉండేది,
ఆమెతోనే పోయింది.
సువార్త పుస్తకం మీద చెయ్యి పెట్టాను.
అట్ట చల్లగా, కాస్త జిడ్డుగా ఉంది.
నాకు ముందు ఎందరు నావికులు
నిజం చెప్పి వెళ్ళారో.

నిన్న రాత్రి కెప్టెన్ నికొలోసో
రెండు కూజాలు పోయించి నాకు పాఠం నేర్పాడు:
గాలి నైరుతి అను.
అందరూ ఒప్పుకున్నాకే కొయ్య నరికామను.
పిల్లి సంగతి అడిగితే
రేవు చేరేదాకా ఉందని చెప్పు.
అతని ఉప్పు తిన్నవాణ్ణి.
సముద్రం ఉప్పు అంతకంటే ఎక్కువే తిన్నాను.

గాలి నైరుతే అయ్యా, అది అబద్ధం కాదు.
సార్డీనియా వదిలిన మూడో రాత్రి.
అడుగు అరలో గొర్రెపాల జున్ను, పైన ఉన్ని బేళ్ళు.
కప్రాయా దీవి బురుజు మీద మంట
కనబడి, కనబడి, ఇక కనబడలేదు.
అల పక్క నుంచి రాలేదు. పైనుంచి వచ్చింది,
ఎవరో గది తలుపు మూసినట్టు.
పెద్ద కొయ్య నరికాం. పదకొండు గొడ్డలి దెబ్బలు.
"ఎవరి ఆజ్ఞ?" అన్నాడు గుమాస్తా.
అందరిదీ అన్నాను.
ఆ హోరులో ఎవడి నోరు ఎవడికి వినబడింది?
గొడ్డలి ఎవడి చేతిలో ఉంటే వాడిదే ఆజ్ఞ.

తర్వాత బరువు దించాం.
చీకట్లో వరసగా నిలబడి, చేతి నుంచి చేతికి
బేళ్ళు, పీపాలు, వంటవాడి రాగి గుండిగ.
నిండా మునిగినవాడికి చలేమిటంటారు.
ఆ మాట అన్నవాడు
ఎన్నడూ నిండా మునిగి ఉండడు.
వరసకు ఆఖర్న, ఓడ అంచున, నేను.
నా చేతికొచ్చినది ఇక సముద్రానిదే.

"జున్ను మీద ఎలుకల పంటి గాట్లున్నాయి"
అన్నాడు న్యాయాధికారి.
"తుపాను ఇలా కొరకదు.
ఓడలో పిల్లి ఉన్నదా?"

నవ్వొచ్చింది. మింగేశాను. చట్టం ఉందట:
పిల్లి లేకుండా సరుకెత్తితే
ఎలుకలు తిన్నదంతా ఓడవాడి నెత్తిన.

నీళ్ళు నమిలాను.
ఆ రాత్రి మింగినవే అయ్యుంటాయి,
ఇంకా ఉప్పగానే ఉన్నాయి.

ఉండేది అయ్యా. పేరు మోస్కా.
మా వైపు ఈగ అని అర్థం. నల్లది.

ఇంతవరకే చెప్పాను.

పని కుర్రాడు జెరీన్, గాలి లేవగానే
దాన్ని రొట్టెల బుట్టలో పెట్టి
మూత బిగించి కట్టి
ఇక భద్రం అనుకున్నాడు.
నా చేతికో బుట్ట వచ్చింది. బరువు చాలలేదు.
లోపల ఏదో ఆ పక్క నుంచి ఈ పక్కకు జరిగింది.
అల్లిక సందులోంచి గోళ్ళు
నా మణికట్టు పట్టుకున్నాయి.
అప్పటికే చేతులు ఊపు అందుకున్నాయి.

పదకొండు రోజులు దీవి మరుగున చిల్లులు పూడ్చాం.
రాత్రుళ్ళు అడుగు అరలో పళ్ళ చప్పుడు.
జెరీన్ తన వాటా చేప తలకాయ
దాచి ఉంచుతూనే ఉన్నాడు.

ఎప్పటిదాకా ఉండేదని ఎవరూ అడగలేదు.
నేను "ఉండేది" అన్నాను.
గుమాస్తా లాటిన్‌లోకి దింపుకుంటూ
"ఉంది" అని రాసి, ఇసుక చల్లి,
చదివి వినిపించాడు.
కెప్టెన్ హాయిగా దగ్గాడు.
నేను దిద్దమనలేదు.

అందరి ప్రాణాల కోసం పారేసినదాని నష్టం
అందరూ పంచుకోవాలట.
ఉన్ని వర్తకుడు ఇంత, జున్ను వర్తకుడు ఇంత, ఓడ ఇంత.
జాబితా చదువుతుంటే చెవులు రిక్కించాను.
రాగి గుండిగ ఉంది.
బుట్ట, ఒకటి, ఖాళీది, అని ఉంది.

సంతకం రాదంటే గీత గీయమన్నారు.
చొక్కా చెయ్యి పైకి జరిగింది.
"ఆ గాట్లేమిటి?" అన్నాడు గుమాస్తా
కలం తుడుస్తూ, ఊరికే.
తాడు ఒరుసుకుంది, అన్నాను.
అది మాత్రం రాసుకోలేదు.

బయట మెట్ల మీద జెరీన్ కూర్చుని ఉన్నాడు.
పద్నాలుగు నిండలేదని
వాణ్ణి ఎవరూ ఏమీ అడగలేదు.
"నిన్నేమడిగారు?" అన్నాడు.

గాలి గురించి, అన్నాను.