వగరు

రాయి కొనడానికొచ్చిన ఇటలీ ఆయన
చీమకుర్తి క్వారీ షెడ్డులో
సంచిలోంచి సీసా తీశాడు.
బరోలో అన్నాడు. మా కొండలది.

గ్లాసుల్లేవు, స్టీలు లోటాల్లో పోశాడు.
ఎరుపే, అంచున మాత్రం ఇటుకపొడి.
నెమ్మదిగా అని చేత్తో చెప్పేలోపే
కల్లు అలవాటున ఒక్క గుక్క పట్టా.

చిగుళ్లు బిగిసినయ్.
గోనెపట్టాతో ఎవరో నాలుక తుడిచినట్టు.

పచ్చి నేరేడుకాయరా ఇదీ, నవ్వాడు కోటిలింగం.
కాదు.
ఈ వగరు నాకు ముందే తెలుసు.

మా తాత హనోకు లందలో
తంగేడు చెక్క, తుమ్మ చెక్క
వారాల తరబడి నానేవి.
అందులో మునిగిన తోలు
కుళ్లడం మర్చిపోయేది.
ఏడేళ్లప్పుడు పందెం కాసి ఆ నీళ్లు నాకా,
పొద్దుగూకేదాకా మాట పెగల్లేదు.
ఊళ్లోవాళ్లు ముక్కు మూసుకుని
మా వాకిలి దాటేవాళ్లు,
తాత కుట్టిన చెప్పులేసుకునే.

ఆయనేదో చెబుతున్నాడు, అకౌంటెంటు తెలుగు చేస్తున్నాడు:
వాళ్ల కొండల మీద
కోతలనాటికి పొగమంచు దిగుద్దంట.
ఈ ద్రాక్ష అన్నిటికన్నా ఆలస్యంగా పండుద్దంట.
వయసులో ఉండగా ఎవరితోనూ కలవదు,
పదేళ్లు చీకట్లో ఉంచితేగానీ
మెత్తబడదంట.

మాకూ ఉంది పొగమంచు,
రంపం రాయిలో దిగినప్పుడు లేచేది.
దాంట్లో పండేది దగ్గొకటే.

అడుగున మిగిలిన మడ్డి నా లోటాలో వంచాడు.
తాగలా.
వేలు ముంచి నల్లరాయి మీద గీశా.
తడిసినంత మేర చుక్కలు మెరిసినయ్.
వేలు చూసుకున్నా.

పెట్టెలో పెట్టేనాటికి కూడా
తాత చేతులు
ఈ రంగే.