పాణం

నా పని నేల తుడవడం.
కానీ ఫర్వానియాలో ఈ ఆసుపత్రి మూడో అంతస్తులో
ఉన్న తెలుగు నోరు నాదొక్కటే.
"యా మస్తానీ!" అని పిలుపొస్తే
బకెట్టు గోడకు జరిపి, తడి చేతులు నీలం కోటుకు తుడుచుకుని
గదిలోకి పోతాను.

లింబాద్రిది మెట్‌పల్లి పక్క. నాది పుల్లంపేట.
ఆయన తెలుగును ముందు నా తెలుగులోకి తెచ్చుకోవాలి,
ఆ తర్వాతే అరబ్బీ.
పరంజా విరిగి పడ్డాడు. నడుము, కుడిచెయ్యి.

మారిసెల్ పళ్ళెంలో కందిపప్పు, శనగలు కలిపి పోసి
ఏరమంటుంది.
"ఇనుప పైపులు భుజాన మోసినోణ్ణి,
పప్పులేరుమంటదా గీ పిల్ల?"
చేస్తానంటున్నాడు సిస్టర్, అన్నాను.
పదకొండో రోజు
బొటనవేలు చూపుడువేలి దాకా వచ్చింది,
మధ్యలో ఒక శనగ గింజ.
అంతలోనే జారి కింద పడింది.
ఊడ్చింది నేనే. పారేయబుద్ధి కాక
జేబులో వేసుకున్నాను.

పక్క గదిలో ఓబులేసు, నీళ్ళ ట్యాంకరు డ్రైవరు.
పక్షవాతం మాటను ఎత్తుకుపోయింది.
అన్నం బొమ్మ చూపిస్తే అన్నం రాదు,
చెప్పు బొమ్మ చూపిస్తే చెప్పు రాదు,
బూతు మాత్రం నున్నగా వస్తుంది.
ఏమన్నాడని ఉస్తాద్ హానీ అడిగితే
దేవుణ్ణి తలుచుకున్నాడన్నాను.
ఆయన నవ్వాడు:
"ఈ దేవుణ్ణి నేను చాలా భాషల్లో విన్నాను తల్లీ.
మాట పోయినా తిట్టు పోదు, దాని కాపురం వేరు."
బల్ల మీద వేళ్ళతో దరువేస్తూ లెక్క పెట్టించాడు.
ఒకటి. రెండు. మూడు.
మూడు పట్టుకుని వెనకే ఇంకో మాట వచ్చింది:
"మూడు... నెల్ల... జీతం."
అది మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాను.

వెచ్చని నీళ్ళ తొట్టి దగ్గర
లింబాద్రిని మెడలోతు దించారు.
నీళ్ళలో మనిషి బరువు తగ్గుతుందని చెప్పమన్నారు, చెప్పాను.
"అప్పు సుత తగ్గుతదా అడుగు."
అడిగాను.
అందరూ నవ్వారు. సిరియా అబ్బాయి మాత్రం
నవ్వు సగంలో ఆపి
కాగితం మీద ఏదో రాశాడు.

అలా వచ్చాడు చివరి గదికి.
అక్కడ యంత్రాల్లేవు, బరువుల్లేవు.
రెండు కుర్చీలు, ఒక టిష్యూ డబ్బా, డాక్టర్ రీమా.
నాకు కుర్చీ లేదు. తలుపుకానుకున్నాను.
"ఎలా ఉన్నావు?"
"పాణం మంచిగ లేదు."
ఒంట్లోనా, మనసులోనా అని అడిగిందామె.
ఫారంలో రెండు గళ్ళున్నాయి.
మా పక్క ఒళ్ళు వేరు, మనసు వేరు,
దేనికి ఏది బాగలేకపోయినా పేరు పెట్టి చెప్తాం.
ఈ మనిషి మాటలో గోడ లేదు.
"రెండూనా?" అన్నాను.
"రెండెక్కడియి? పాణమొక్కటే గద."

చాలాసేపు ఏసీ చప్పుడు.
తర్వాత ఒళ్ళోని కుడిచేతిని
ఎడంచేత్తో ఎత్తి చూపించాడు,
ఎవరిదో వస్తువులాగా.
"బిహారి పోరడు. నన్నే పట్టుకోని ఏలాడిండు.
గీ చెయ్యే ఇడిసిపెట్టింది."

ఆమె నా వైపు చూసింది.
అన్నాళ్ళూ గదికొక అబద్ధం నాలిక చివరుండేది.
ఆ పొద్దు అబద్ధమూ రాలేదు, అరబ్బీ రాలేదు.
ఆమె చెయ్యెత్తి, వద్దులే అన్నట్టు ఊపి
కుర్చీని కొంచెం ముందుకు జరిపింది.
ఆయన ఏడ్చాడు. దాన్ని ఎవరూ తర్జుమా అడగలేదు.

పోతూ పోతూ ఫారం చూశాను.
రెండు గళ్ళూ కొట్టేసి
పైన ఆ మాటనే రాసుకుంది అరబ్బీ అక్షరాల్లో.
చిన్నప్పుడు మసీదులో నేర్చిన అక్షరాలు, చదవగలను.
అరబ్బీలో 'ప' లేదు.
పాణం కాస్తా బాణం అయింది.

దిద్దుదామని నోరు తెరిచి
ఊరుకున్నాను.
బకెట్లో నీళ్ళు చల్లారిపోయాయి.
మార్చుకోవాలి.