కాటా చీటీ

మిర్చి యార్డు నాలుగో షెడ్డులో
కోటిలింగం చొక్కా విప్పితే
వీపు మీద గోనె నేత అచ్చుపడి కనిపించేది.
నేను యూనియన్ ఆఫీసులో రసీదులు రాసేవాణ్ణి.
నెలకి రూపాయి చందా, అదీ సగం మందికి బాకీయే.

ఆయన ఒక్క కేక వేస్తే ముఠా ఆగిపోయేది.
ఒక వేసవిలో పందొమ్మిది రోజులు ఆగింది.
కమీషన్ కొట్టు శేషాచలం ఫ్యాను కింద చెమటలు కక్కాడు,
మా ఇళ్లలో గంజి పలచబడి
గిన్నె అడుగు కనిపించింది.
ఇరవయ్యో రోజు బస్తాకి ఆరు పైసలు పెరిగాయి.
ఆరు పైసలా అని నవ్వకండి,
మా చెల్లి పలక కొంది వాటితోనే.

తర్వాత ఎమ్మెల్యే అయ్యాడు.
ఎర్రబస్సులో హైదరాబాదు వెళ్తే
భుజాన ఉన్న కొక్కేన్ని గేటు దగ్గర లాక్కున్నారు.
ఎంత ఉతికినా చొక్కాలో ఘాటు పోలేదట,
ఆయన లేచి నిలబడగానే
ముందు వరసలో మంత్రి తుమ్మాడు.
"అధ్యక్షా, ఇది ఒక్క చొక్కా.
మా ఆడోళ్లు తొడిమలు తీసే చోట
చంటిపిల్లలు నిద్రపోతారు."
పిల్లల షెడ్డు మంజూరైంది.
తలుపులు మాత్రం ఆయన ఓడాక వచ్చాయి,
ఇంకెవరి పేరో చెక్కిన రాయితో సహా.

దాచడమెందుకు,
రెండోసారి నేను ఆయనకి ఓటు వెయ్యలేదు.
తమ్ముడికి గుమాస్తా పని ఇప్పించమంటే
"వాడి వేలు కాటా మీదే ఉంటుందిరా" అన్నాడు.
మూడొందల పదకొండు ఓట్ల తేడా.
మర్నాడు పొద్దున్నే వచ్చి, ఇద్దరికీ టీ చెప్పి,
చందా రూపాయి బల్ల మీద పెట్టాడు.
రసీదు రాస్తూ కళ్లు తుడుచుకున్నాను,
మిర్చి ఘాటు అన్నాను.
యార్డుకి సెలవులిచ్చి అప్పటికి వారం.
ఆయన ఏమీ అనలేదు.

క్వింటాలు బస్తా సగానికి దిగేలోపు
ఆయన ఊపిరితిత్తులు ఎంత దిగాయో
ఎవరూ తూచలేదు.
పెద్దాసుపత్రి నుంచి ముఠా వాళ్లే మోసుకొచ్చారు.
గుమ్మంలో దించుతూ బ్రహ్మయ్య
అలవాటుగా "కాటా!" అని అరిచి
నాలిక కరుచుకున్నాడు.
టిక్కీ అంత కూడా లేడని ఎవరో గొణిగారు.

ఇప్పుడా షెడ్డులో కుర్రాళ్లకి ఆయన పేరు తెలీదు.
ఫోన్లో పాటలు పెట్టుకుని
నలభై కిలోల టిక్కీ ఎత్తి
సులువుగా భుజాన వేసుకుంటారు.
బరువు ఎప్పుడూ ఇంతే అనుకుంటారు.