సాక్షి దిమ్మె

ఏం పని చేస్తున్నవే అని
పెండ్లిల పక్కకు కూసున్న పెద్దమ్మ అడుగుతది.
గుంతలు తవ్వుతున్న అంట.
నవ్వుతది. మీ అమ్మ తవ్వింది సాలదా అంటది.

అబద్ధమేం కాదు.
మెట్టుగడ్డ దగ్గర, ఎరువుల దుకాణం మీది అంతస్తుల
అజ్మత్ భాయ్ కంపెనీల
కుర్చీలు ఏడు, హెడ్‌సెట్లు మూడు.
జేసీబీ నేర్చుకునే పోరగాండ్లు,
కొత్తగ పనికెక్కే సూపర్‌వైజర్లు
అసలు గుంతల దిగకముందు
నేను కట్టిన గుంతల దిగుతరు.

ఈ కొలువుకు తొవ్వ ఏ కాలేజీ గోడమీద రాసి లేదు.
ఇంటర్ తప్పిన యేడాది
కోస్గిల ఫోటో స్టూడియోకు పోయిన.
పెండ్లిపిల్ల మెడమీది చెమట తుడిచేదాన్ని,
మూసుకున్న మేనమామ కండ్లు తెరిచేదాన్ని.
తర్వాత ఫ్లెక్సీలు.
నాయకుని మొఖం మీద వెలుగు ఏ దిక్కునుంచి పడాల్నో
నాలుగేండ్లు నేర్చుకున్న.
రాత్రిళ్ళు ఫోన్ల పాఠాలు చూసుకుంట
బ్లెండర్ల మొట్టమొదలు ఒక చెంబు చేసిన.
దానికి మూడువేల ముక్కోణాలు.
ఇప్పుడు మున్నూటితోని సరిపెడత.
ఎన్ని తీసేసినా చెంబు చెంబు లెక్కనే ఉండాలె,
నేర్పంటే అదే కావచ్చు.

సెకనుకు తొంభై బొమ్మలు తిరగాలె.
తగ్గిందంటే కడుపుల దేవుతది.
పోయిన వానకాలం ఒక డ్రైవరు మెట్లమీదనే కక్కిండు.
బకెట్ తెచ్చి కడిగింది నేనే.
అది గూడ ఈ పనిల పనే.

రానిదల్లా ఒక్కటే, మట్టి.
నా గోడ కూలితే నీళ్ళ లెక్క జారేది,
లేకుంటే బీరువ లెక్క బోర్లపడేది.
లెక్కలన్నీ సరిగ్గనే ఉన్నయి.
గోడనే అబద్ధమాడుతున్నది.

అమ్మను పిలుచుకొచ్చిన.
కుర్మమ్మ.
ఇరవై రెండేండ్లు గుంపు మేస్త్రి వెనక నడిచిన మనిషి.
పూనా కాల్వలు, సూరత్ పైపులైన్లు,
పేరు యాదికి లేని ఊర్ల పునాదులు.
కొప్పు అడ్డమొస్తే విప్పి బెల్టు బిగించిన.
చేతులు ముందుకు చాపి
లేని పార కోసం దేవులాడింది.
"బరువే లేదు గదనే, ఎట్ల తవ్వుతరు దీన్ని?"

గుంతల దిగి రెండడుగులేసి
గిర్రున వెనక్కి జరిగింది. నడుము టేబులుకు తాకింది.
ఏమైందే?
"గా పగులు సూడు."

పగులు నేను అందానికి పెట్టిన.
ఫ్లెక్సీల రోజుల నాటి ఫోటో, ఎవరింటి గోడదో.

"కింద తడున్నది, మీద పగులున్నది.
గోడ పడేముందు చెప్పే పడతది బిడ్డా.
మొదలు ఇసుక రాలుతది, సక్కెర పోసినట్టు.
అటెన్క సప్పుడు ఆగుతది.
గప్పుడు ఉరకాలె. పార కోసం ఆగొద్దు,
చెప్పుల కోసం అసలే ఆగొద్దు."

వారం దినాలు కూసుండి రాసిన
రాలే ఇసుకను, ఆగే సప్పుడును.
గుంత నడుమ ఒక దిమ్మె విడిచిన.
ఎంత లోతు తవ్వినమో కొలిచి చూపనీకె
కూలోళ్ళు తవ్వకుండ వదిలే సాక్షి దిమ్మె.
దాని నెత్తిమీద గరిక గూడ ఉండాలన్నది అమ్మ.
గరిక లేకుంటే మేస్త్రి నమ్మడంట,
మీద మట్టి పోసి పెంచిండ్రంటడంట.

బిల్లుల ఆమె పేరెక్కియ్యమన్నడు అజ్మత్ భాయ్.
అర్హత అన్నకాడ ఇద్దరం ఆగినం.
ఖాళీ విడిస్తే కంప్యూటర్ ఒప్పుకోలే.
'మట్టి' అని కొట్టిన.
తీసుకున్నది.

మొన్న మల్లొకసారి పెట్టుకున్నది అమ్మ.
ఇసుక రాలింది. సప్పుడాగింది.
ఈసారి ఉరకలే, ఊకెనే నిలబడ్డది,
ఏమైతదో చూద్దామని.
కండ్లముందట ఎర్రగైంది. అక్షరాలొచ్చినయి.
ఏం రాసిండ్రే అన్నది.
రాసింది నేనే. చదివిన:

మీరు చనిపోయారు. మళ్ళీ ప్రయత్నించండి.

శానసేపు తియ్యలే హెడ్‌సెట్.
"మల్లనా?" అన్నది.

అద్దాల లోపలి తడి తుడిచి
మూడో నంబరుది ఛార్జింగ్‌కు పెట్టిన.