ఊ కొట్టే మనిషి

సొహార్ ఆరోగ్య కేంద్రంల మా చీటీ నెంబరు ఇరవై ఏడు.
నర్సు తలుపు సందుల నుంచి పిలిచింది:
"శ్రీనిక బోశెట్టి!"
అరబ్బీల 'ప' లేదు గదా,
పోశెట్టి ఈడ ఎప్పుడూ ఇట్లనే మెత్తవడ్తడు.

రెండు నెలల సూది కోసం వచ్చినం.
తూకం చూసిండ్రు, తల చుట్టు టేపు పెట్టిండ్రు,
కార్డు మీద కొత్త చుక్క పెట్టి
పాత చుక్కతోని గీత కలిపిండ్రు.
ఇగ పనైపోయింది, టాక్సీ దొరుకుతదా అని చూస్తున్న.

డాక్టరమ్మ ఇహ్సాన్, సూడానామె,
కుర్చీ నా దిక్కు తిప్పింది.
"ఇంట్ల పాపతోని ఎవరు మాట్లాడ్తరు?"
సుగుణ నా మొకం చూసింది.
నేను గోడ మీది చేప బొమ్మ చూసిన.

ఏం చెప్పాలె?
రేవుల క్రేను నడుపుత.
నలభై మీటర్ల ఎత్తుల, అద్దాల డబ్బాల,
పన్నెండు గంటలు ఒక్కణ్ణే.
నా నోటికి అలవాటైన మాటలు నాలుగు:
పైకి, మెల్లగ, ఆపు, దించు.

"ఏ భాషల మాట్లాడాలె మేడం? ఇంగ్లీషా, అరబ్బీనా?"
మలయాళం కలిసిన హిందీల నర్సు
ఆమె జవాబు మోసుకొచ్చింది:
"కోపమొస్తే ఏ భాషల తిడ్తవో
ఆ భాషల ముద్దు చెయ్యి."

చీటీ మీద మందు రాయలే.
'మాటలు. పొద్దుకు రెండుసార్లు. ఐదేసి నిమిషాలు.'
కింద సంతకం, గుండ్రటి ముద్ర.
సుగుణ దాన్ని ఫ్రిజ్‌కు అంటించింది,
కరెంటు బిల్లు పక్కన.

ఆ రాత్రి డైపర్ మార్చుకుంట గొంతు సవరించుకున్న.
ఇగో ఎడమకాలు లేపుతున్న, మెల్లగ.
ఇగో కుడికాలు. దించు.
చెక్కగోడ అవతల ఎవరో కిసుక్కుమన్నరు.
సిగ్గైంది. అయినా చెప్పిన:
ఇయ్యాల పెద్ద ఓడ వచ్చింది బిడ్డా,
దాని కడుపుల నాలుగొందల డబ్బాలు,
ఒకదాంట్ల ఉల్లిగడ్డలు మురిగినయి,
రేవంత ఒకటే కంపు.

చెప్పి ఆగాలె అన్నది డాక్టరమ్మ,
బిడ్డ వంతు బిడ్డకు ఇయ్యాలె.
ఆగిన.
ఏసీ చుక్క చుక్క కారుతున్నది.
శ్రీనిక పెదవులు గుండ్రంగ చేసి
"ఊ" అన్నది.

కథ చెప్పేటోనికి ఇంకేం గావాలె!

నాలుగో నెలల ఒక రాత్రి
రెండు గంటల దాక ఏడ్చింది.
పక్కగది వాళ్ళు గోడ గుద్దిండ్రు.
నేను అరిచిన. పిల్ల మీద. గట్టిగ.
దాని చేతులు రెండూ గాలిల బిగుసుకున్నయి.

ఆ ముచ్చట సుగుణ చెప్పలే, నేనే చెప్పిన
తూకం బల్ల ముందట, తల వంచుకొని.
డాక్టరమ్మ కార్డు పక్కకు జరిపింది.
"మా పెద్దోడు ఏడ్చినప్పుడు
నేను మెట్ల మీద పోయి కూసుండేదాన్ని,
చెప్పులు సుత లేకుండ.
పిల్లను తొట్టెల పండబెట్టు. తలుపు దాటు. వంద లెక్కవెట్టు. మళ్ళ రా."
లెక్క మా భాషల పెట్టొచ్చా అంటే నవ్వింది.

ఎన్నడూ వంద దాక పోలే.
ఒకపారి అరవై, ఒకపారి ముప్పై మూడు.

ఆరో నెల. అదే బెంచీ.
"శ్రీనిక బోశెట్టి!"
నర్సు దిక్కు చూడలే పిల్ల.
తల తిప్పి నన్ను చూసింది,
ఆ పేరు నా నోట్లకెల్లే వస్తదన్నట్టు.

ఇప్పుడు సూది బిడ్డా, నొస్తది, అని ముందే చెప్పిన.
నొచ్చింది. ఏడ్చింది.
మెల్లగ, మెల్లగ, దించు, అన్నకొద్ది
ఏడుపు ఒక్కో మెట్టు దిగింది.

తెల్లారి క్రేను మీద
కింద నుంచి రేడియోల షంసుల్: "హుక్కు దించనా భాయ్?"
"ఊ" అన్న.
"ఏందీ?"
ఏం లేదు భయ్యా, చెప్పు,
నీ మాట కానీ.