ఆట ఎన్నింటికో

శనివారం ఆట. ఎన్నింటికని మాత్రం అడక్కండి,
టీవీ వాళ్ళింకా తేల్చలేదు.
పన్నెండు రోజుల ముందు చెబుతారు, ఒక్కోసారి ఆరు.
అందాకా లొరెట్టా తన మోటెల్ గదులకి రేటు కట్టలేదు,
బ్యాండు మాస్టారు బస్సులు మాట్లాడుకోలేడు,
నాకేమో తెల్ల గీతలు
మంచు పడకముందు గీయాలో పడ్డాక గీయాలో తెలీదు.

వెర్లిన్ టోబియాసెన్ అంటారు నన్ను.
ఈ గోధుమ కొండల నడుమ
ఇరవై తొమ్మిదేళ్ళుగా గడ్డికి రంగులేస్తున్నాను.
షెడ్డు గోడకి పది అచ్చురేకులు వేలాడేవి:
కొంగ, ఎలుగు, లాంతరు, గొడ్డలి...
ఎవరు ఆడటానికొస్తే వాళ్ళ రేకు దించేవాణ్ణి.
ఇప్పుడు రెండున్నాయి.
మిగతా మేకులకి నా కోట్లు తగిలించుకుంటున్నాను.

గొడ్డలి వాళ్ళు మా దాయాదులు.
నూట పది మైళ్ళు, మధ్యలో ఒకే పెట్రోలు బంకు.
గెలిచినవాళ్ళకి ఓ తుప్పు పట్టిన పాల క్యాను,
అంతకంటే పెద్ద కప్పు నేనెరగను.
పోయినసారి వాళ్ళు పట్టుకెళ్ళారు, మూడు పాయింట్ల తేడాతో.
ఆ చలికాలమే పెద్ద ఛానలు పిలిచింది,
డబ్బున్న కాన్ఫరెన్సులోకి వెళ్ళిపోయారు.
క్యాను అక్కడే ఉంది.
తెచ్చుకుందామంటే ఆటే లేదు.

మనల్నీ ఎవరో చేర్చుకున్నారులే, గాలికి వదిలెయ్యలేదు.
కొత్త కాన్ఫరెన్సు పేరులో సముద్రం ఉంది,
మా సముద్రం కాదు, అవతలి ఒడ్డుది.

టలియా ఫోనోటి వాలీబాల్ పిల్ల.
మంగళవారం అక్కడికెళ్ళి ఆడి
బుధవారం తెల్లారి దిగింది,
కెమిస్ట్రీ పరీక్ష విమానంలో రాసిందట, మోకాలి మీద ఐసు పెట్టుకుని.
వాలీబాల్ కోసం ఎవరూ ఒప్పందం రాసుకోలేదు.
ఫుట్‌బాల్ అమ్ముడుపోతే
దాని తోకకి కట్టిన డబ్బాలన్నీ
చప్పుడు చేసుకుంటూ వెంట పోవాల్సిందే.

కొత్త ముద్ర పెట్టెలో వచ్చింది.
ఏ నీలం, ఎన్ని అడుగులు, ఏ కెమెరా వైపు వాలాలి
అన్నీ నాలుగు పేజీల్లో రాశారు.
పాతది కోసేశాను, కడిగాను, మళ్ళీ విత్తాను.
అక్టోబరు పొద్దున మంచు పట్టినప్పుడు చూడండి,
నలభై ఏళ్ళ రంగు తాగిన నేల కదా,
పాత ముద్ర గడ్డిలోంచి లేత బూడిదగా పైకొస్తుంది.
పదింటికల్లా ఎండ దాన్ని నొక్కేస్తుంది.

ఆట మధ్యలో ఎర్ర టోపీ మనిషి ఒకడు మైదానంలోకొచ్చి
చేతులు అడ్డంగా పెట్టుకు నిలబడతాడు.
ఎక్కడో ఎవరికో ఓ ట్రక్కు అమ్ముతున్నారు.
అమ్మేదాకా ఇరవై ఇద్దరు కుర్రాళ్ళు
నోట్లోంచి ఆవిరి వదుల్తూ నించోవాలి.
రిఫరీ కూడా వాడి చేతులకేసే చూస్తాడు.

గొడ్డలి రేకు పారెయ్యమన్నారు.
నూనె రాసి, గోనెపట్టా చుట్టి
నిచ్చెన వెనక దాచాను.

ఇదిగో, ఇప్పుడే ఫోనొచ్చింది. రాత్రి ఏడున్నరకట.
తూర్పున అప్పటికి పదిన్నర,
ఆట ముగిసేసరికి రెండు దగ్గర పడుతుంది.
ఆ వేళప్పుడు చూసేదెవరని లొరెట్టానడిగాను.
"నిద్రపట్టనివాళ్ళు" అంది,
గదుల రేటు బోర్డు మీద రాసుకుంటూ.