తాలుకాయ

భాష మారిందన్నారు శుక్రవారం సాయంత్రం.
మనం మాట్లాడేది కాదు,
మిరపయార్డు లెక్కలు రాసిపెట్టిన భాష.
పాత వెర్షన్‌కి ఇక మందూ మాకూ ఉండదట,
సోమవారం కాటాలు తెరిచేలోపు
కొత్తదానిలోకి దిగిపోవాలట.

అరండల్‌పేటలో మూడో అంతస్తు.
కింద జిరాక్స్ షాపు షట్టరు దించిన చప్పుడు.
కిటికీ తెరిస్తే ఏప్రిల్ గాలి,
దాన్లో దగ్గు తెప్పించే ఘాటు.

పరీక్షలు నడిపాను.
తొమ్మిది వందలు పచ్చగా పోతూ పోతూ
చివర్లో కల్లంలో ఆరబోసినట్టు
నలభై ఒక్క ఎరుపులు.

అన్నీ మాక్రోలవే.
మాక్రో అంటే ఏంటని యార్డు గుమస్తా దరియావలి అడిగితే
ఒకసారి ఇలా చెప్పాను:
తుండుగుడ్డ కింద మీ పెద్దలు వేలు నొక్కేవాళ్ళే,
నొక్కింది ఒక్క వేలే,
అవతలివాడికి అది ధర, గడువు, మొహమాటం
అన్నీ కలిసిన పూర్తి వాక్యం.
ఆయన నవ్వి, "మరి అవతలోడు ఆ వేలు మర్చిపోతే?" అన్నాడు.
ఆ ప్రశ్నకే నా జీతం.

ఈ వేళ్ళన్నీ శౌరిబాబు నేర్పినవి.
ఉద్యోగం మాని
చిలకలూరిపేట రోడ్డులో టైర్ల కొట్టు పెట్టుకున్నాడు.
ఏది ఎందుకు రాశాడో ఒక్క ముక్క చెప్పిపోలేదు గాని
తప్పు చేసినవాణ్ణి మాత్రం తెలుగులో కసిరేలా రాశాడు:
"సంచి బరువు చెప్పకుండా తూకమేంటి స్వామీ?"
"రేటు వెయ్యకుండా బిల్లా? కాసేపు కూర్చో."
కావాలని తప్పు చేసి
తిట్టు సరిగ్గా తగిలిందో లేదో చూడటం నా పని.

కొత్త భాషలో తిట్టు అదే, తిట్టే తీరు మారింది.
పన్నెండో వరస పదమూడో వరసైంది.
"దొరకలేదు" అని మొహాన కొట్టే చోట
"మీ ఉద్దేశం ఇదా?" అని మర్యాద చేస్తోంది.
బాణం గుర్తు రెండక్షరాలు పక్కకి జరిగింది.
మొదటి పది చూశాను, ఇంతే. పదకొండోదీ ఇంతే.

హైమావతి మేడం ఫోను చేసింది.
"మాటలేగా మారింది? అన్నీ ఒప్పుకో అని కమాండ్ ఉంది,
కొట్టేసి ఇంటికెళ్ళు."

ఉంది. ఒక్క ఎంటర్.
నలభై ఒక్క కొత్త తిట్లూ
రేపట్నుంచి సరైన తిట్లు.
వేలు మీట మీదే ఉంది.

తొమ్మిదో తరగతి సెలవుల్లో నల్లపాడు దగ్గర
తాలుకాయ ఏరేదాన్ని.
రాత్రి చేతులు మజ్జిగ్గిన్నెలో పెట్టుకుని కూచునేదాన్ని.
ముఠా మేస్త్రి దీవెనమ్మ నెత్తిన మొట్టి చెప్పేది:
"ఎర్రదాన్ని చూడబాకే, అది దానంతటదే కనపడుద్ది.
ఎరుపులో రంగు పోయిందేదో చూడు."

నొక్కలేదు.
పన్నెండు. పద్దెనిమిది. ఇరవై ఆరు.
ఫ్లాస్కులో టీ అయిపోయింది.
ముప్పై ఏడోదాని కింద తిట్టు లేదు.
రావలసిన చోట
తెల్లగా, ఖాళీ.
తప్పు చేశాను, ఎవరూ ఏమీ అనలేదు.

శౌరిబాబు మాక్రో లోపల ఒక 'తరుగు' ఉంది.
రైతు బిల్లులో ఒక 'తరుగు' ఉంది.
పాత భాష ఇద్దర్నీ ఒకే గదిలో చూస్తే కేకేసేది.
కొత్తది పెద్దమనిషి,
లోపలివాణ్ణి బయటివాడి కుర్చీలో కూర్చోబెట్టి
ఊరుకుంది.

కాగితం మీద వేసి చూశాను.
టిక్కీకి కిలో తరుగు, రెండుసార్లు.
బిల్లు ఆగదు, ప్రింటరు తడబడదు.
ప్రత్తిపాడు నుంచి వచ్చినాయన
ముప్పై టిక్కీల చీటీ మడిచి
జేబులో పెట్టుకుని బస్సెక్కుతాడు.

భాష కేకెయ్యకపోతే మాక్రోనే కేకెయ్యాలి.
రెండు వరసలు రాశాను. తిట్టు దగ్గర ఆగి,
శౌరిబాబైతే ఎలా రాస్తాడా అని ఆలోచించాను.
మళ్ళీ నడిపాను, అదే తప్పు చేశాను.

"ఒకే పేరు ఇద్దరికి పెడితే ఎవర్ని పిలవాలి స్వామీ?"

వచ్చావా, అన్నాను పైకే.
మిగిలిన నాలుగూ కూడా చూసి,
అప్పుడు కొట్టాను ఎంటర్.